నాలుగో తరగతి పాపకి విటమిన్ డి 14 వచ్చింది, సాషేలు మొదలుపెట్టాలా?

కూకట్‌పల్లి అమ్మ | శుక్రవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మా పాపకి తొమ్మిదేళ్లు. కొన్నాళ్లుగా సాయంత్రం అయ్యేసరికి కాళ్లు నొప్పులంటోంది. పిక్కలు పట్టుకుని కూర్చుంటుంది, కాస్త నూనె రాసి నొక్కితే నిద్రపోతుంది. మా ఆయన ఆఫీసు వాళ్ల హెల్త్ ప్యాకేజీలో పిల్లలకి కూడా రక్తపరీక్ష ఉందంటే చేయించాం. మిగతావన్నీ బాగానే ఉన్నాయి. విటమిన్ డి మాత్రం 14 అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. పక్కన నార్మల్ 30 నుంచి 100 అని రాసి ఉంది. అందులో సగం కూడా లేదని అప్పటి నుంచి ఒకటే టెన్షన్.

రిపోర్టు చూపిస్తే మెడికల్ షాపులో 60,000 యూనిట్ల విటమిన్ డి సాషేలు, అంటే పొడి పొట్లాలు, ఎనిమిది ఇచ్చారు, వారానికొకటి పాలల్లో కలిపి పట్టమన్నారు. ఇంకా మొదలుపెట్టలేదు. మా అత్తగారు మందులొద్దు, పొద్దుటి ఎండలో నిలబెడితే చాలంటున్నారు. కానీ పాప రోజూ ఏడుంపావుకి బస్సు కోసం ఎండలోనే నిలబడుతోంది కదండీ. తిరిగొచ్చేసరికి అయిదు దాటుతుంది. పాలు తాగదు, పెరుగు తింటుంది, గుడ్డు ఎప్పుడైనా. ఏం చేయమంటారు?

రెండో అంతస్తు | శుక్రవారం, రాత్రి 10:05

కంగారు పడకండి మేడమ్. మా అపార్ట్‌మెంట్‌లో పరీక్ష చేయించిన పిల్లలందరికీ తక్కువే వచ్చింది. మా బాబుకి 11. మేము సాషేలు వేశాం, 40కి వచ్చింది. వేసేయండి, ఏమీ కాదు.

పిల్లల డాక్టరు, రాజమండ్రి | శుక్రవారం, రాత్రి 11:20

కూకట్‌పల్లి అమ్మ గారూ, సాషేలు పక్కన పెట్టండి. ముందు మీ పాపని ఎవరైనా డాక్టరు చేత్తో ముట్టుకుని చూడాలి. నేను ఇక్కడ రాసేది దానికి బదులు కాదు.

మొదట ఆ 30 సంగతి. పెద్దవాళ్లకి వాడే అంకెనే చాలా ల్యాబులు పిల్లల రిపోర్టులో కూడా అచ్చువేస్తాయి. పిల్లల విషయంలో భారత పిల్లల వైద్యుల సంఘం, అంటే ఐఏపీ, 2021లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం మిల్లీలీటరుకి 20 నానోగ్రాములు దాటితే సరిపోయినట్టే. 12 నుంచి 20 మధ్య ఉంటే చాలీచాలనట్టు. 12 కంటే తగ్గితే లోపం. మీ పాపది 14 కాబట్టి చాలీచాలని వరసలో ఉంది. పట్టించుకోవాల్సిందే, కానీ ఎర్ర అక్షరాలు చూసి భయపడాల్సినంత కాదు. రిపోర్టులో కొలమానం కూడా ఓసారి చూడండి. కొన్ని ల్యాబులు నానోమోల్స్‌లో ఇస్తాయి, ఆ అంకె రెండున్నర రెట్లు పెద్దగా కనిపిస్తుంది.

రెండోది నొప్పులు. రెండు కాళ్లలో, సాయంత్రమో రాత్రో వచ్చి, నొక్కితే తగ్గి, తెల్లారేసరికి మామూలుగా పరుగెత్తే పిల్లలని మేం రోజూ చూస్తాం. ఎదిగే వయసు నొప్పులంటాం. అవి విటమిన్ డి బాగున్న పిల్లల్లో కూడా వస్తాయి. కాబట్టి 14 వచ్చింది గనక నొప్పికి కారణం అదేనని తేల్చేయకూడదు. ఒక్క కాలే నొప్పి, కీలు వాపు, పొద్దున లేవగానే కుంటడం, జ్వరం, బరువు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే చూపించాలి. అక్కడ విటమిన్ డి మీద చూపు నిలిపితే అసలు జబ్బు తప్పిపోతుంది.

నిజంగా రికెట్స్, అంటే ఎముకలు మెత్తబడే జబ్బు, ఉంటే మణికట్లు లావుగా కనిపిస్తాయి, కాళ్లు వంకర తిరుగుతాయి, ఎత్తు ఆగిపోతుంది, నడక బాతు నడకలా మారుతుంది. రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ పెరుగుతుంది. మణికట్టు ఎక్స్‌రేలో ఎముక చివర్లు చెప్పేస్తాయి. మీ పాపకి ఇలాంటివేమైనా ఉన్నాయా?

ఇంకో మాట. ఆరోగ్యంగా ఆడుకునే పిల్లలందరికీ ఈ పరీక్ష చేయించమని ఐఏపీ చెప్పదు. ఫిట్స్ మందులు వాడేవాళ్లు, కిడ్నీ, లివర్, పేగు జబ్బులున్నవాళ్లు, ఎముకల లక్షణాలు కనిపించినవాళ్లు, వీళ్లకి అవసరం. ప్యాకేజీలో ఉంది కదా అని చేయిస్తే ఇలా నిద్రపోని తల్లులే మిగులుతారు.

కూకట్‌పల్లి అమ్మ | శనివారం, ఉదయం 6:50

డాక్టరు గారూ, అంత రాత్రి ఓపిగ్గా రాశారు, చాలా థాంక్సండి. నొప్పి రెండు కాళ్లలోనూ. పొద్దున మామూలే, మెట్లు రెండేసి దూకుతుంది. మణికట్లు, కాళ్లు తిన్నగానే ఉన్నాయి. ఎత్తు క్లాసులో అందరితో సమానం. సోమవారం మా పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. కానీ పొద్దున ఎండలో నిలబడే పిల్లకి ఇంత తక్కువ ఎందుకొచ్చిందో అర్థం కావట్లేదు.

సైన్సు మాస్టారు, తెనాలి | శనివారం, ఉదయం 8:15

ఇది నాకు ఇష్టమైన పాఠం, కాస్త పొడుగ్గా రాస్తాను.

చర్మంలో విటమిన్ డి తయారవడానికి కావలసింది ఎండ వేడి కాదు, వెలుతురు కాదు. అతినీలలోహిత కిరణాల్లో బి రకం, యూవీబీ. సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు ఆ కిరణాలు చాలా మందమైన గాలిపొర దాటి రావాలి. దారిలోనే ఓజోన్ మింగేస్తుంది. అందుకే ఏడింటి ఎండ ఒంటికి హాయిగా ఉంటుంది కానీ విటమిన్ డి లెక్కలో దాదాపు సున్నా. మన ఇళ్లలో పసిబిడ్డలకి నూనె రాసి లేత ఎండలో పడుకోబెట్టే అలవాటు మంచిదే, దాని సుఖం దానిది. విటమిన్ డి మాత్రం అక్కడ దొరకదు.

గుర్తు ఏమిటంటే నీడ. మన నీడ మన ఎత్తు కంటే పొట్టిగా ఉన్నప్పుడే యూవీబీ సరిగ్గా అందుతుంది. అంటే సూర్యుడు ఆకాశంలో 45 డిగ్రీలు దాటి ఉండాలి. హైదరాబాదు అక్షాంశానికి లెక్క వేస్తే డిసెంబరులో ఇది సుమారు 11 నుంచి ఒంటిగంటన్నర వరకే. అదే మే నెలలో ఉదయం 9 దాటగానే మొదలవుతుంది. మా బడిలో పిల్లల చేత కర్ర పాతించి ఈ నీడలు కొలిపిస్తుంటాను, ఎనిమిదో తరగతి వాళ్లు చక్కగా చేస్తారు.

ఇది ఉత్త లెక్క కాదు. తిరుపతి స్విమ్స్‌లో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం, చర్మంలో ఉండి ఎండకి విటమిన్ డిగా మారే పదార్థాన్ని నింపిన గాజు గొట్టాలని రోజంతా ఎండలో ఉంచి, ఏ గంటలో ఎంత మారుతుందో కొలిచింది. ఎక్కువ మార్పు ఉదయం 11కీ మధ్యాహ్నం 2కీ మధ్యనే కనిపించింది. మన పిల్లలు సరిగ్గా ఆ గంటల్లో ఎక్కడుంటారు? తరగతి గదిలో, ఫ్యాను కింద. కిటికీ పక్క బెంచీలో కూర్చున్నా లాభం లేదు, అద్దం యూవీబీని ఆపేస్తుంది. బస్సు అద్దం కూడా అంతే.

పెద్దక్క | శనివారం, ఉదయం 9:30

మాస్టారూ, మీరు చెప్పింది బాగానే ఉంది కానీ మన ఊళ్లలో మిట్టమధ్యాహ్నం పిల్లల్ని ఎండలోకి పంపమంటారా? మార్చి మధ్యలోనే ఒంటిపూట బడులు పెడుతున్నారు. వడదెబ్బ తగిలితే ఎవరిది బాధ్యత?

సైన్సు మాస్టారు, తెనాలి | శనివారం, ఉదయం 9:48

ఎండాకాలం మధ్యాహ్నం ఎవరూ పంపకూడదు, ఆ మాట గట్టిగా చెప్తున్నాను. పైన చెప్పినట్టు ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిది దాటితే చాలు కాబట్టి మిట్టమధ్యాహ్నం అక్కర్లేదు. తొమ్మిదింటికి చెట్టు నీడ పక్కనే కాసేపు ఆడుకుని లోపలికి రావచ్చు. నేను మధ్యాహ్నం అంటున్నది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఆ రోజుల్లో పన్నెండు గంటలకి గ్రౌండులో ఆడితే ఎవరికీ ఏమీ కాదు.

పిల్లల డాక్టరు, రాజమండ్రి | శనివారం, మధ్యాహ్నం 2:10

మాస్టారు గారికి కృతజ్ఞతలు. నిమిషాల లెక్క అడుగుతారని ముందే చెప్తున్నాను, అందరికీ ఒకే అంకె ఉండదు. చర్మం రంగు ఎంత ముదురైతే అంత ఎక్కువసేపు కావాలి, ఎందుకంటే చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఆ కిరణాల్ని అడ్డుకుంటుంది. మొహం ఒక్కటే కాకుండా చేతులు, కాళ్లు ఎండకి తగలాలి. చర్మం మంటపుట్టేదాకా మాత్రం ఎప్పుడూ ఉంచకూడదు. బొద్దుగా ఉన్న పిల్లల్లో తయారైన విటమిన్ కొవ్వులో చేరిపోయి రక్తంలో తక్కువ కనిపిస్తుంది.

దేశం లెక్క కూడా చెప్పుకుందాం. 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 12 కంటే తక్కువ ఉన్నవాళ్లు ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో 14 శాతం, అయిదు నుంచి తొమ్మిదేళ్లలో 18 శాతం, పది నుంచి పందొమ్మిదేళ్లలో 24 శాతం. వయసు పెరిగేకొద్దీ లోపం పెరుగుతోంది. పెద్ద తరగతులకి వెళ్లేకొద్దీ ఆట పీరియడ్లు తగ్గడం దీనికి ఒక కారణమని నేను నమ్ముతున్నాను.

పెద్దక్క | శనివారం, మధ్యాహ్నం 3:02

ఆడపిల్లల సంగతి ఎవరూ ఎత్తడం లేదు కాబట్టి నేనే అంటాను. ఎనిమిదో తరగతి వచ్చేసరికి "ఎండలో తిరక్కు, నల్లబడిపోతావ్" అని ఇంట్లో అందరూ అనేవాళ్లే. మొహానికి చున్నీ, చేతులకి గ్లౌజులు. మగపిల్లాడు వీధిలో క్రికెట్ ఆడొస్తే నీళ్లిస్తాం, ఆడపిల్ల అరగంట బయట నిలబడితే కేకలేస్తాం. రేపు పెళ్లయి కడుపుతో ఉన్నప్పుడు తల్లికి తక్కువుంటే పుట్టే బిడ్డకీ తక్కువే ఉంటుంది. రంగు గురించి ఆ పిల్ల చెవిలో పోసిన మాటలు ఎముకల్లోకి దిగుతున్నాయి. నా మనవరాలి దగ్గర ఆ మాట ఎవరన్నా నేను ఊరుకోను.

నల్గొండ బిడ్డ | శనివారం, సాయంత్రం 6:40

అక్కా, మంచిగ చెప్పినవ్. ఒక ముచ్చట కలుపుతా. ఎండ ఒక్కదానితోనే అంతా కాదు. మా దిక్కు చిన్నప్పటినుంచి ఎండలనే పెరిగిన పిల్లల కాళ్లు వంకర పోవుడు మా తాతల కాలం నుంచి చూస్తున్నం. మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి ఒరుసుకునేటియి. బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ అని అందరికీ తెలుసు. కానీ హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి గారు, కమలా కృష్ణస్వామి గారు 1973లోనే దీనిమీద రాసిన్రు. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లల్ల జొన్న మీద బతికే బీద పిల్లలకు ఈ వంకర ఎక్కువొచ్చిందని, తిండిల కాల్షియం తక్కువుండుడు కూడా దానికి తోడైందని.

అందుకే కాళ్లు వంకరున్న పిల్లగాడు కనబడంగనే విటమిన్ డి అనుకోవద్దు. ఏ నీళ్లు తాగుతున్నడో, ఏం తింటున్నడో అడగాలె. ఇప్పుడు మిషన్ భగీరథతోని నది నీళ్లు వస్తున్నయి గానీ బోరు నీళ్లు తాగుడు పూర్తిగ బంద్ కాలే.

పిల్లల డాక్టరు, రాజమండ్రి | శనివారం, రాత్రి 9:15

ఈ చర్చలో ఇది అన్నిటికంటే ముఖ్యమైన మాట. విటమిన్ డి చేసే పని పేగులోంచి కాల్షియంని ఒంట్లోకి తీసుకోవడం. తిండిలో కాల్షియమే లేకపోతే అది తీసుకునేదేముంది? కాల్షియం తక్కువైతే శరీరం ఉన్న విటమిన్ డిని కూడా త్వరగా ఖర్చు చేసుకుంటుంది. హరినారాయణ్ గారి బృందమే ఆంధ్రలో పల్లెల్లోనూ పట్నాల్లోనూ చూసి 2008లో అచ్చువేసిన పరిశోధనలో, ఎండలో పనిచేసే పల్లె జనంలో కూడా లోపం కనిపించింది. వాళ్ల భోజనంలో కాల్షియం చాలా తక్కువ, పైగా దాన్ని పట్టి ఉంచే ఫైటేట్లు ఎక్కువ.

అదే జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) వాళ్లు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తరఫున 2020లో ఇచ్చిన పట్టిక ప్రకారం ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకి రోజుకి 650 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పది నుంచి పన్నెండేళ్లకి 850, పదమూడు నుంచి పదిహేనేళ్లకి 1,000. విటమిన్ డి అయితే 600 ఐయూ, అంటే అంతర్జాతీయ యూనిట్లు. మన పిల్లల పళ్లెంలో అన్నం, పప్పుచారు, ఆలూ వేపుడు. లెక్క కట్టి చూడండి.

రాగిజావ | ఆదివారం, ఉదయం 7:30

అనంతపురం నుంచి. పాలు తాగని పిల్లలకి మా ఇంట్లో నడిచే దారి చెప్తాను. వంద గ్రాముల రాగుల్లో మూడొందల యాభై మిల్లీగ్రాముల దరిదాపు కాల్షియం ఉంటుంది, బియ్యంలో ఆ ఊసే లేదు. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకెత్తించి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టిస్తాను. మొలకెత్తిస్తే డాక్టరు గారు చెప్పిన ఆ ఫైటేట్లు తగ్గుతాయి, రుచీ పెరుగుతుంది. జావలో మజ్జిగ కలిపితే చాలు. ముద్ద చేస్తే పెద్దోళ్లు తింటారు, పిల్లలకి దోసె నచ్చుతుంది.

నువ్వులు ఇంకా గొప్పవి. నువ్వుల ఉండ రోజుకొకటి, నువ్వుల పొడి ఇడ్లీలోకి. పొట్టు తీయని నువ్వులు వాడండి, కాల్షియం ఎక్కువ భాగం ఆ పొట్టులోనే ఉంది. మునగాకు పప్పులో వేయండి. చేపలు తినేవాళ్లయితే ముళ్లతో నమిలే చిన్న చేపలు.

ఆంధ్రలో సర్కారు బడుల్లో 2023 నుంచి రాగిజావ ఇస్తున్నారు, గుడ్లూ చిక్కీలూ ఉన్నాయి. ఫీజులు కట్టి చదివించే బడుల క్యాంటీన్లలో మాత్రం పఫ్‌లూ చిప్సూ. ఆ పిల్లలకి కూడా ఇవి అందాలని నా కోరిక.

రెండో అంతస్తు | ఆదివారం, ఉదయం 8:20

మరి తిండితోనే విటమిన్ డి కూడా వచ్చేస్తుందా? అప్పుడు సాషే అక్కర్లేదు కదా.

పిల్లల డాక్టరు, రాజమండ్రి | ఆదివారం, ఉదయం 10:40

తిండితో కాల్షియం తెచ్చుకోవచ్చు, విటమిన్ డి తెచ్చుకోవడం కష్టం. గుడ్డు పచ్చసొనలో 40 ఐయూ చిల్లర. మార్కెట్లో ప్లస్ ఎఫ్ గుర్తు ఉన్న పాల ప్యాకెట్లు, నూనె ప్యాకెట్లు చూసే ఉంటారు, వాటిలో ఎ, డి విటమిన్లు కలుపుతారు. ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ప్రకారం ఆ పాలల్లో లీటరుకి 200 నుంచి 300 ఐయూ. అంటే ఒక గ్లాసుకి 40 నుంచి 60. సాయం చేస్తుంది కానీ 600కి చాలా దూరం. మిగతాది ఎండ నుంచి రావాలి, లేదా డాక్టరు రాసిన చుక్కలో మాత్రలో ఇవ్వాలి. తోడు పెట్టుకునే పాలు కూడా ప్లస్ ఎఫ్ గుర్తున్నవి కొనండి, పాలు తాగని పిల్లలకి పెరుగులో అందుతుంది.

నైట్ డ్యూటీ నర్సు | ఆదివారం, మధ్యాహ్నం 12:15

విజయవాడలో పిల్లల వార్డులో పనిచేస్తున్నాను. సాషేలు "వేసేయండి, ఏమీ కాదు" అన్న మాట చదివి ఊరుకోలేక రాస్తున్నాను.

ఆరేళ్ల బాబు వాంతులతో వచ్చాడు. మలబద్ధకం, ఊరికే దాహం, మాటిమాటికీ బాత్రూమ్, తిండి మానేశాడు. మొదట ఎవరికీ అర్థం కాలేదు. రక్తంలో కాల్షియం చాలా ఎక్కువుందని తేలాక తల్లిని కూర్చోబెట్టి అడిగితే విషయం బయటపడింది. ఒకచోట విటమిన్ డి ఇంజెక్షన్ వేశారు, ఇంకోచోట వారం వారం సాషేలు రాశారు, అవి అయిపోయాక బలానికని ఇంట్లోవాళ్లే మళ్లీ కొని వేశారు. ఒకరు రాసింది ఇంకొకరికి తెలియదు. సెలైన్లు పెట్టి రోజుల తరబడి ఉంచాల్సి వచ్చింది. ఆ తల్లి ఏడుపు నాకు ఇప్పటికీ గుర్తే. బిడ్డకి మంచి చేస్తున్నాననే అనుకుంది ఆమె.

ఒక్క 60,000 సాషే అంటే రోజుకి 600 చొప్పున వంద రోజుల సరుకు. సి విటమిన్‌లా ఎక్కువైంది మూత్రంలో పోదు ఇది. కొవ్వులో నిలవుంటుంది, కిడ్నీల్లో రాళ్లు కూడా తెస్తుంది. దయచేసి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా పాత చీటీలు తీసుకెళ్లండి.

రెండో అంతస్తు | ఆదివారం, మధ్యాహ్నం 12:50

సిస్టర్, ఇది తెలియదండి. మా బాబుకి ఇంకో కోర్సు వేద్దామని ఇంట్లో పెట్టుకున్నాం. డాక్టరుని అడగకుండా వేయం.

మాంచెస్టర్ తెలుగమ్మాయి | ఆదివారం, సాయంత్రం 5:30

ఇక్కడ బ్రిటన్‌లో పరిస్థితి వేరు, మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి రాస్తున్నా. అక్టోబరు నుంచి మార్చి మొదటివారాల దాకా ఇక్కడి ఎండలో విటమిన్ డి సరిపడా తయారు కాదు. సైన్సు మాస్టారు చెప్పిన నీడ లెక్కతో చూస్తే మధ్యాహ్నం కూడా మన నీడ మనకంటే పొడుగే. అందుకే చలికాలమంతా అందరూ రోజుకి 10 మైక్రోగ్రాములు, అంటే 400 ఐయూ, వేసుకోవడం మంచిదని ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్ఎస్ చెప్తుంది. మనలాంటి ముదురు రంగు చర్మం వాళ్లని ఏడాది పొడుగునా వేసుకోవడం ఆలోచించమంటుంది. అమెరికాలోలా ఇక్కడ మామూలు పాలల్లో డి కలపరు, పాలు తాగుతున్నాం కదా అని వదిలేయకండి. ఇండియా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో 60,000 సాషేలు తెచ్చుకునే అలవాటు మనవాళ్లలో ఉంది. పిల్లలకి అవి వాడకండి, రోజువారీ చిన్న మోతాదు ఇక్కడ సూపర్‌మార్కెట్‌లోనే దొరుకుతుంది.

డ్రిల్ మాస్టారు | ఆదివారం, రాత్రి 8:25

వరంగల్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీని. టైమ్‌టేబుల్‌లో వారానికి రెండు ఆట పీరియడ్లు ఉంటాయి. పరీక్షలు దగ్గరపడితే ఒకటి లెక్కలకి, ఒకటి సైన్సుకి పోతాయి. తొమ్మిది, పది తరగతులకి అసలు ఉండవు. కొన్ని బడులకి గ్రౌండే లేదు, సెల్లారులో క్యారమ్స్ ఆడిస్తారు. హాస్టల్ పిల్లల పరిస్థితి ఇంకా కష్టం. తెల్లవారకముందే స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, మధ్యలో బిల్డింగ్ దాటి బయటికొచ్చే సందర్భమే లేదు.

పేరెంట్స్ మీటింగులో మార్కుల గురించి అడిగినంతగా ఆట గురించి ఎవరైనా అడిగితే మేనేజ్‌మెంట్ వింటుంది. నేను అడిగితే వినరు, ఫీజు కట్టేవాళ్లు అడిగితే వింటారు. దసరా సెలవుల తర్వాత నుంచి సంక్రాంతి దాటేదాకా ఆట పీరియడ్‌ని మొదటి పీరియడ్ నుంచి లంచ్‌కి ముందు పీరియడ్‌కి మార్చమనండి. ఖర్చు లేదు, కొత్త టీచరు అక్కర్లేదు. సైన్సు మాస్టారు చెప్పిన 11 నుంచి ఒంటిగంటన్నర అక్కడే దొరుకుతుంది.

సైన్సు మాస్టారు, తెనాలి | ఆదివారం, రాత్రి 8:50

మాస్టారూ, ఇది రేపే మా హెడ్‌మాస్టరు గారితో మాట్లాడతాను. భోజనం బెల్లులో పిల్లల్ని వరండాలోనే కూర్చోబెట్టే పద్ధతి కూడా మార్చాలి. తిన్న తర్వాత పావుగంట గ్రౌండులోకి వదలొచ్చు, చలికాలం వరకు.

కూకట్‌పల్లి అమ్మ | మంగళవారం, రాత్రి 9:10

నిన్న పాపని చూపించాం. డాక్టరు గారు పడుకోబెట్టి కాళ్లు, తుంటి, మణికట్లు అన్నీ చూశారు. ఎదిగే వయసు నొప్పులే అన్నారు, ఎక్స్‌రే అక్కర్లేదన్నారు. విటమిన్ డి రోజూ వేసే చిన్న మోతాదు చుక్కలు రాశారు, కాల్షియం తిండితోనే చూద్దామన్నారు. సాషేలు షాపులో వెనక్కిచ్చేశాను. రాగిజావ గారూ, మజ్జిగ కలిపిన జావ రెండు గ్లాసులు తాగిందండి! మా క్లాసు పేరెంట్స్ గ్రూపులో ఆట పీరియడ్ గురించి పెట్టాను, పదకొండుమంది సరే అన్నారు, శనివారం ప్రిన్సిపాల్‌ని కలుస్తున్నాం. చుక్కలు ఎప్పుడు వేస్తే మంచిది, మళ్లీ పరీక్ష ఎప్పుడు చేయించాలి అని అక్కడ అడగడం మరిచిపోయాను.

పిల్లల డాక్టరు, రాజమండ్రి | మంగళవారం, రాత్రి 10:30

సంతోషం. కొవ్వులో కరిగే విటమిన్ కాబట్టి పరగడుపున వద్దు. మధ్యాహ్నమో రాత్రో నెయ్యి, నూనె తగిలిన భోజనం తర్వాత వేయండి. సీసాతో ఇచ్చిన డ్రాపరే వాడండి, ఒక్కో కంపెనీ సీసాలో మిల్లీలీటరుకి ఎన్ని ఐయూ ఉన్నాయనేది వేరుగా ఉంటుంది. కంపెనీ మారితే మోతాదు మళ్లీ అడగండి. పరీక్ష అవసరమైతే మీ డాక్టరు చెప్తారు, మూడు నెలల లోపు చేయిస్తే పెద్దగా ఉపయోగం లేదు. ఈలోగా ఒక కాలే నొప్పి అన్నా, పొద్దున కుంటినా ఆగకుండా తీసుకెళ్లండి. శనివారం ప్రిన్సిపాల్ గారు ఏమన్నారో ఇక్కడ రాయండి, మా ఊళ్లో బడులకి చూపిస్తాను.